నిప్పు కాచే మనిషి: దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్‌లలో కాల్చిన మాంసం చరిత్ర

తూర్పు హైదరాబాద్‌లో మాంసం కాల్చి తినడం ఇంటి పనిగా ఎన్నడూ స్థిరపడలేదు. ఇంట్లో కూర వండుతారు, వేపుడు చేస్తారు, పండక్కి బిర్యానీ దమ్ పెడతారు. కాల్చింది తినాలనిపిస్తే మాత్రం రోడ్డు మీదికే వెళ్తారు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా సాగే నాలుగైదు కిలోమీటర్ల దారిలో సీకులు తిప్పేవాడు, తందూరు దగ్గర నిలబడేవాడు, మేక తలకాయలు కాల్చిపెట్టేవాడు, మండీ గుంత మూత తీసేవాడు అందరూ కూలికో జీతానికో నిప్పు కాచేవాళ్లే. అమెరికాలో తెలుగువాళ్ల పెరళ్లలో కనిపించే, కట్టె గుళికలతో నడిచే పెల్లెట్ స్మోకర్ సరిగ్గా ఈ కాపలా పనినే మరకు అప్పజెప్పింది. అలాంటి మర ఇక్కడ ఎందుకు పుట్టలేదు, తెచ్చుకుంటే దానితో ఏం చేయవచ్చు అన్నవి తేలాలంటే ఈ ప్రాంతంలో నిప్పు, కట్టె, మాంసం కలిసి నడిచిన దారి చూడాలి.

దక్కనులో కాల్చిన మాంసానికి దొరికే పాత ఆధారాల్లో ముఖ్యమైనది మానసోల్లాసం. తెలంగాణలో చాలా భాగాన్ని ఏలిన కల్యాణి చాళుక్యుల రాజు మూడో సోమేశ్వరుడి పేరిట 1130 ప్రాంతంలో వెలువడిన ఈ సంస్కృత గ్రంథంలో వంటల అధ్యాయం పెద్దది. మాంసం ముక్కలను సీకులకు గుచ్చి నిప్పుల మీద కాల్చడం అందులో వివరంగా ఉంది. ఆ వంట రాజుగారి పళ్లెం కోసం. ఊళ్లలో నిప్పు వేరే పని చేసేది. సరూర్‌నగర్, కొత్తపేట, నాగోలు, కర్మన్‌ఘాట్, బైరామల్‌గూడ, మన్సూరాబాద్ అప్పటికి వేర్వేరు పల్లెలు. బోనాల పండక్కో, పెళ్లికో మేకను కోస్తే తలకాయ, కాళ్లు మంటలో కాల్చి, వెంట్రుక గీకి, పసుపు రాసి కడిగేవారు. నాటుకోడిని ఈకలు పీకాక మంట మీద తిప్పి పసుపు పూసేవారు. తాటి చెట్లున్న చోట ఎండు కమ్మలు, లేనిచోట గడ్డి, చొప్ప ఈ మంటకు సరిపోయేవి. మంట రెండు నిమిషాలు ఉంటే చాలు, మాంసం ఉడికేది తర్వాత కుండలోనే. అయినా చర్మానికి పట్టిన ఆ కమురు వాసన కూరలోకి దిగేది. కాల్చని తలకాయ కూర చప్పగా ఉంటుందని ఇప్పటికీ అంటారు. తెలంగాణ పల్లె వంటకు తెలిసిన పొగ ఇదే.

ఈ పల్లెల మీదుగా పోయే దారి మాత్రం పల్లెటూరిది కాదు. గోల్కొండను మచిలీపట్నం రేవుతో కలిపిన వర్తక మార్గం ఇటే సాగింది. పదిహేడో శతాబ్దంలో గోల్కొండ రాణి హయత్ బక్షీ బేగం పేరు మీద హయత్‌నగర్ వెలిసింది. అక్కడి మసీదు చుట్టూ బాటసారుల కోసం కట్టిన సరాయి గదులు ఆ రద్దీకి సాక్ష్యం. నేటి 65వ నంబరు జాతీయ రహదారి దాదాపు అదే దిక్కున విజయవాడ వైపు పోతుంది. రోడ్డు పక్కన తిండి అమ్ముకునే అలవాటు ఈ ప్రాంతానికి కాలనీలు రాకముందే ఉంది.

నిజాంల కాలంలో నగరానికి తూర్పున వేట సాగేది. ఇప్పుడు వనస్థలిపురం పక్కన కృష్ణజింకల ఉద్యానంగా ఉన్న మహావీర్ హరిణ వనస్థలి ఒకప్పుడు నిజాంల సొంత వేట మైదానం. 1975లో దాన్ని రక్షిత ప్రాంతంగా మార్చారు. వేటతో ముడిపడిన హైదరాబాదీ వంటకం పత్థర్ కా గోష్త్. వేటకు వెళ్లిన ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కు సీకులు లేక, వంటవాళ్లు నల్లరాతి పలకను నిప్పుల మీద వేడిచేసి దాని మీదే మాంసం కాల్చిపెట్టారన్న కథ ఒకటి ప్రచారంలో ఉంది. కథ ఎంత నిజమైనా, వంట తీరు దక్కను నేలకు తగినదే. గ్రానైట్ ఇక్కడ ఎక్కడ తవ్వినా దొరుకుతుంది. పలక ఒకసారి వేడెక్కితే కొద్దిపాటి బొగ్గుతోనే చాలాసేపు వేడి నిలుస్తుంది.

పత్థర్ కా గోష్త్‌లో గమనించాల్సిన సంగతి రాయి కాదు, రాయి మీదికి వెళ్లే ముందు ముక్కకు పట్టించే పచ్చి బొప్పాయి ముద్ద. బొప్పాయి పదహారో శతాబ్దంలో పోర్చుగీసులు అమెరికా ఖండం నుంచి తెచ్చిన కాయ. దాని పాలలోని పపేన్ అనే ఎంజైము మాంసకృత్తులను తెంచేస్తుంది. గంటల తరబడి మంట చేయాల్సిన పనిని అది గిన్నెలోనే ముగిస్తుంది. హైదరాబాదీ కబాబు మొత్తం ఈ లెక్క మీద నిలబడింది: ముక్క చిన్నది, నానబెట్టే సమయం పెద్దది, కాల్చే సమయం కొన్ని నిమిషాలు. తందూరు లోపలి వేడి 400 డిగ్రీల సెల్సియస్ దాకా పోతుంది కాబట్టి అందులో దించిన కోడి కాసేపట్లోనే పైకి వస్తుంది. కట్టె తక్కువ, మనిషి చెయ్యి ఎక్కువ అయిన చోట ఇంతకన్నా పొదుపైన పద్ధతి దొరకడం కష్టం.

పొగ విషయంలోనూ ఇదే పొదుపు. దమ్ కా ఖీమా, దమ్ కా ముర్గ్ లాంటివి వండి దించాక, గిన్నె మధ్యలో చిన్న కటోరీ పెట్టి, అందులో కణకణలాడే బొగ్గు వేసి, పైన చెంచాడు నెయ్యి పోసి మూత బిగిస్తారు. అయిదు నిమిషాల్లో పొగ మాంసానికి పడుతుంది. దీన్ని ధుంగార్ అంటారు. తెలుగిళ్లలో బొగ్గు పొగ పెట్టడం అంటే సరిపోతుంది. అత్తరులా చివర్లో చల్లే వాసన ఇది. టెక్సాస్‌లో పన్నెండు గంటలు కూర్చోబెట్టి మాంసానికి పట్టించే పొగతో దీనికి పోలికే లేదు. రెంటికీ బార్బెక్యూ అన్న ఒకే పేరు తగిలించడం వల్లనే తర్వాతి గందరగోళమంతా వచ్చింది.

బొగ్గు ఎక్కడిది? ఇరవయ్యో శతాబ్దంలో ఆంధ్ర, తెలంగాణ మెట్ట ప్రాంతాల్లో వంట బొగ్గుకు పెద్ద ఆధారం సర్కారు తుమ్మ. మధ్య, దక్షిణ అమెరికాల నుంచి వచ్చిన ఈ ముళ్ల చెట్టును 1870ల చివర్లో మద్రాసు ప్రెసిడెన్సీ అటవీ శాఖ నాటించింది. కడప జిల్లా కమలాపురం తొలి తోటల్లో ఒకటి. తర్వాత అది చెరువు గట్లు, బంజర్లు ఆక్రమించి రైతుల తిట్లు తింటూనే వచ్చింది. బొగ్గు కాల్చేవాళ్లకు మాత్రం అన్నం పెట్టింది. దక్షిణ టెక్సాస్‌లో మాంసం పొగబెట్టేందుకు ఏరికోరి వాడే మెస్కీట్ ఈ సర్కారు తుమ్మకు దగ్గరి చుట్టం. అక్కడ సంచుల్లో నింపి సువాసన కట్టెగా అమ్మే జాతి చెట్టునే ఇక్కడ కుంపట్లో వేసి మొక్కజొన్న పొత్తులు కాల్చుకుంటారు.

స్వాతంత్ర్యం తర్వాత, ముఖ్యంగా 1970ల నుంచి దిల్‌సుఖ్‌నగర్ చుట్టూ పొలాలు ప్లాట్లయ్యాయి. నల్గొండ, ఖమ్మం, కృష్ణా జిల్లాల నుంచి వచ్చే బస్సులకు నగర ముఖద్వారం ఇదే కాబట్టి ఆ జిల్లాల జనమే ఎక్కువగా ఇక్కడ ఇళ్లు కట్టుకున్నారు. గడ్డిఅన్నారంలో పండ్ల మార్కెట్, వీధుల నిండా కోచింగ్ సెంటర్లు, వాటిని అంటిపెట్టుకుని హాస్టళ్లు వచ్చాయి. ఎల్బీనగర్, గడ్డిఅన్నారం మునిసిపాలిటీలు 2007లో గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థలో కలిశాయి. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్‌కు మెట్రో మొదలైంది. మొదట్లో రెండు వందల గజాల ప్లాటులో ముందు జామ చెట్టు, వెనక నూతి గట్టు ఉన్న ఇళ్లు ఉండేవి. వాటిలో చాలా వరకు అపార్ట్‌మెంట్లుగా మారడంతో కట్టెల పొయ్యి పెట్టుకునే పెరడు పోయింది. మిగిలింది అందరికీ ఉమ్మడి అయిన మిద్దె.

పెరడు పోయినా కాల్చే పని పోలేదు, అది వీధికి చేరింది. ఆదివారం పొద్దున్నే మటన్ దుకాణాల పక్కన తలకాయలు, కాళ్లు కాల్చేవాళ్లు కూర్చుంటారు. ఒకప్పుడు బొగ్గుల కొలిమిలో ఎర్రగా కాలిన ఇనుప కడ్డీ, ఇప్పుడు ఎక్కువగా గ్యాస్ మంట. సాయంత్రం సీకుల బండ్లు వస్తాయి. రంజాన్ నెలలో ఇటుక, మట్టితో కట్టిన హలీం భట్టీలు లేస్తాయి. 2010లో భౌగోళిక గుర్తింపు పొందిన ఈ వంటకం కట్టెల మంట మీద పన్నెండు గంటల దాకా ఉడుకుతుంది. అంటే మనిషి రాత్రంతా కూర్చుని నిప్పును సన్నగా నిలబెట్టే విద్య హైదరాబాద్‌కు బాగానే తెలుసు. ఆ విద్యను ఇక్కడ హలీం వండే పెద్ద పాత్రకు, డేగ్‌కు వాడారు, సీకుకు వాడలేదు.

కాల్చిన మాంసం హోటల్ పలకల మీదికి ఎక్కడం రెండు విడతల్లో జరిగింది. మొదటిది తందూరీ చికెన్. నగరంలో తందూరు అప్పటికే పాతది. పురానీ హవేలీ దగ్గర మున్షీ నాన్ దుకాణం 1851 నుంచి రొట్టెలు కాల్చింది. కోడిని తందూరులో దించి హోటల్ వంటకంగా దేశమంతా పాకించింది మాత్రం దేశ విభజన తర్వాత పెషావర్ నుంచి ఢిల్లీ చేరిన మోతీ మహల్ హోటల్ వాళ్లు. రెండో విడత అరబ్బుల దారిన వచ్చింది. నిజాం సైన్యంలో పనిచేసిన యెమెన్ హద్రమౌత్ ప్రాంతపు అరబ్బుల వారసులు నగరానికి దక్షిణాన బార్కస్‌లో స్థిరపడ్డారు. వాళ్ల మండీలో గుంత అడుగున నిప్పులు, వాటిపైన బియ్యం గిన్నె, ఆపైన మాంసం ఉంటాయి. మాంసం రసం బియ్యంలోకి దిగుతూ ఉంటుంది. గల్ఫ్‌కు పనులకు వెళ్లొచ్చినవాళ్ల ద్వారా బొగ్గుల మీద కాల్చే అల్ ఫాహమ్ కోడి కూడా దానికి తోడైంది. చాంద్రాయణగుట్ట, సంతోష్‌నగర్ మీదుగా వచ్చే ఇన్నర్ రింగ్ రోడ్డు ఎల్బీనగర్ వైపే తేలుతుంది కాబట్టి బార్కస్ రుచి తూర్పు కాలనీలకు చేరడం వింతేమీ కాదు. పెద్ద పళ్లెం చుట్టూ నలుగురు కింద కూర్చుని తినే మండీ హోటళ్లు హాస్టల్ కుర్రాళ్లకు తెగ నచ్చాయి. చాలాచోట్ల ఇప్పుడు గుంత లేదు. ఓవెన్‌లో వండి, చివర్లో బొగ్గు, నెయ్యితో పొగ పెడతారు. పాత ధుంగారే కొత్త పేరుతో పనిచేస్తోంది.

బల్ల మధ్యలో బొగ్గుల గూడు పెట్టి సీకులు తెచ్చి గుచ్చే రెస్టారెంట్ల ఊపు 2006లో ముంబైలో మొదలైన బార్బెక్యూ నేషన్‌తో వచ్చింది. 2013లో హైదరాబాద్‌లోనే అబ్సల్యూట్ బార్బెక్యూస్ పుట్టింది. బార్బెక్యూ అన్న మాట మధ్యతరగతి తెలుగు కుటుంబాల నోట నిలిచింది ఇక్కడే. నిజానికి ముక్క వంటింట్లోనే కాలి వస్తుంది, బల్ల మీది బొగ్గు దాన్ని వెచ్చగా ఉంచుతుంది. నిప్పు కాచేవాడు గోడ అవతల ఉన్నాడు.

అమెరికాలో నిప్పు కాచేవాణ్ని తప్పించిన కథ రంపపు పొట్టుతో మొదలైంది. 1973 చమురు సంక్షోభం తర్వాత అక్కడి వాయవ్య రాష్ట్రాల్లో కలప మిల్లుల పొట్టును నొక్కి చిన్న గుళికలుగా చేసి, ఇళ్లను వెచ్చబరిచే పొయ్యిల్లో వాడారు. ఒరెగాన్ రాష్ట్రంలోని మౌంట్ ఏంజెల్ అనే ఊళ్లో జో ట్రేగర్ ఆ గుళికలనే వంటకు మళ్లించి 1985 ప్రాంతంలో తొలి పెల్లెట్ గ్రిల్ చేశాడు. మరుసటి ఏడు పేటెంట్ వచ్చింది. 2006లో ఆ పేటెంట్ గడువు తీరాక పోటీ కంపెనీలు గుంపుగా దిగాయి, ధరలు దిగాయి, రకాలు పెరిగాయి. లోపల ఉన్నది సాదా యంత్రమే. పక్కనున్న తొట్టిలో ఆరు మిల్లీమీటర్ల మందపు గుళికలు ఉంటాయి. మరమేకులా తిరిగే కడ్డీ వాటిని కొద్దికొద్దిగా నిప్పు కుండలోకి తోస్తుంది. వేడి కడ్డీ అంటిస్తుంది, పంకా ఊదుతుంది. లోపలి వేడిని కొలిచే సెన్సర్ చెప్పినదాన్ని బట్టి కంట్రోలర్ గుళికల వేగం పెంచడం, తగ్గించడం చేస్తుంది. విసనకర్ర పట్టినవాడి రెండు చేతులూ, కన్నూ కలిపి ఒక పెట్టెలో పెట్టారన్నమాట.

ఈ యంత్రానికి అక్కడ అవసరం ఉంది. టెక్సాస్ పద్ధతిలో పశువు రొమ్ము మాంసాన్ని అయిదారు కిలోల ఒకే ముక్కగా 110 నుంచి 120 డిగ్రీల వేడిలో పన్నెండు గంటలకు పైగా ఉంచాలి. గట్టి కండలోని కొలాజెన్ కరిగి జెలటిన్ కావడానికి అంత సమయం పడుతుంది. ముక్క లోపలి వేడి 65, 70 డిగ్రీల దగ్గరికి వచ్చాక గంటల తరబడి కదలదు. పైకి ఊరే తేమ ఆవిరవుతూ మాంసాన్ని చల్లబరచడమే దానికి కారణం. ఆ రాత్రంతా కట్టెలు వేస్తూ కూర్చునే మనిషి అమెరికాలో చాలా ఖరీదు. డాలస్, హ్యూస్టన్ చుట్టుపక్కల స్థిరపడిన తెలుగు కుటుంబాలకు పెరడూ, శనివారమూ రెండూ ఉన్నాయి. అందుకే ఈ పెట్టె అక్కడ వాళ్ల ఇళ్లలోకి సులువుగా వచ్చింది. అల్లం వెల్లుల్లి, కారం, గరం మసాలా పట్టించిన మేక తొడ, కోడి కాళ్లు అందులోకి వెళ్తాయి.

అదే పెట్టె దిల్‌సుఖ్‌నగర్ మిద్దె మీదికి వస్తే మొదటి చిక్కు మాంసం దుకాణంలోనే ఎదురవుతుంది. ఇక్కడ చింత మొద్దు మీద మాంసాన్ని ఎముకతో సహా చిన్న ముక్కలుగా కొడతారు. రాన్ (తొడ), దస్తీ (ముందుకాలు), సీనా (రొమ్ము) విడివిడిగా అడిగితే ఇస్తారు గానీ కొట్టకుండా ఒకే ముక్కగా ఇవ్వమని ముందే చెప్పాలి. 2019 పశుగణన ప్రకారం గొర్రెల సంఖ్యలో తెలంగాణదే దేశంలో మొదటి స్థానం, లెక్క 1.9 కోట్లకు పైనే. అయితే నెల్లూరు, దక్కనీ జాతి పొట్టేళ్లలో కండ పలుచన, కొవ్వు తక్కువ. పశువు రొమ్ముకు రాసిన కొలతలు వాటికి పనికిరావు. ఒకటిన్నర కిలోల దస్తీ అయితే 120 డిగ్రీల దగ్గర అయిదారు గంటల్లో మెత్తబడుతుంది. సగం దూరం పొగలో ఉంచి, రంగు తేలాక రేకు కాగితంలో చుట్టేస్తే ఎండిపోదు. లోపల 90 దాటి ఎముక దానంతటదే కదిలినప్పుడు దించి, అరగంట కప్పి ఉంచాలి. రాన్‌లో కొవ్వు ఇంకా తక్కువ, దానికి పెరుగు, నూనె పట్టించడమే మేలు. పచ్చి బొప్పాయి మాత్రం ఇందులో వాడకూడదు. నిమిషాల మంట కోసం పుట్టిన ఆ చిట్కా గంటల వేడిలో మాంసాన్ని పిండి చేస్తుంది. కోడిని తోలుతో కొనాలి. స్కిన్‌లెస్ కోడి పొగలో పీచవుతుంది. తోలుతో ఉన్నదైనా 110 దగ్గర పెడితే తోలు రబ్బరులా సాగుతుంది కాబట్టి 175కి పెంచి, తొడ లోపల 75 వచ్చేదాకా ఉంచడం మంచిది.

ఎంపికలో బ్రాండు పేరు కన్నా విద్యుత్తు ముఖ్యం. అమెరికా నుంచి సామానుతో వచ్చే యంత్రం 120 వోల్టులు, 60 హెర్ట్జ్‌కు చేసింది. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని సరిచేస్తుందే తప్ప ఫ్రీక్వెన్సీని మార్చదు. ఏసీ మోటారున్న మోడల్ అయితే గుళికలు తోసే కడ్డీ 50 హెర్ట్జ్ మీద ఆరో వంతు నెమ్మదిస్తుంది, వేడి నిలవదు. డీసీ మోటార్లున్న మోడల్‌కూ, 230 వోల్టులకే చేసినదానికీ ఈ బాధ లేదు. అంటించేటప్పుడు సుమారు 300 వాట్లు, తర్వాత అందులో కొద్ది భాగం మాత్రమే తీసుకుంటుంది కాబట్టి ఇంటి ఇన్వర్టర్ మోయగలదు. మోయాలి కూడా. కరెంటు పోయి పంకా ఆగితే నిప్పు కడ్డీ వెంట తొట్టివైపు వెనక్కి పాకే ప్రమాదం ఉంది. కంట్రోలర్ తెర కన్నా రేకు మందం, మూత బిగువు చూసి కొనడం తెలివి. పలుచని రేకు డిసెంబరు రాత్రి గాలికి వేడి పోగొట్టుకుని గుళికలు రెట్టింపు తింటుంది.

రెండో చిక్కు గుళికలు. నిదానపు వేడిలో గంటకు అర కిలో నుంచి కిలో దాకా ఖర్చవుతాయి. వాటిని జిగురు లేకుండా, కట్టెలోని లిగ్నిన్ పట్టుతోనే నొక్కుతారు. తేమ తగిలితే పొట్టుగా విడిపోయి కడ్డీలో బిగుసుకుంటాయి. వానాకాలంలో మూత బిగిసే డ్రమ్ములో దాచాల్సిందే. మన దగ్గర గుళికలు అసలే దొరకవని కాదు. బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థ రూపకల్పనతో 2000ల మధ్యలో బీపీ సంస్థ ఊర్జా అనే గుళికల పొయ్యిని అమ్మింది, తర్వాత అలాంటివి హోటల్ వంటశాలలకూ చేరాయి. ఇవాళ వేరుశనగ పొట్టు, పత్తి కట్టె, రంపపు పొట్టుతో చేసిన గుళికలు బాయిలర్లకు బాగానే అమ్ముడవుతున్నాయి. వాటితో గిన్నె కింద మంట పెట్టవచ్చు. పొగ నేరుగా మాంసానికి తగిలే చోట వాడరాదు. బూడిద ఎక్కువ, ప్లైవుడ్ జిగురు, రంగు కలిసిన పొట్టు వాటిలో ఉండొచ్చు. తిండికి పనికొచ్చేవని రాసి ఉన్న ఓక్, హికరీ, మెస్కీట్ గుళికలు దిగుమతి సరుకు కావడంతో ధర ఎక్కువ. మామిడి, జామ, తుమ్మ ఇక్కడ పుష్కలంగా ఉన్నా, ఆ కట్టెతో తిండి గుళికలు చేసే పరిశ్రమ ఈ వైపున ఇంకా ఎదగలేదు. మాంసం శుద్ధి, నిల్వ, ఉత్పత్తుల మీద పనిచేసే జాతీయ మాంస పరిశోధన సంస్థ ఉప్పల్ అవతల చెంగిచెర్లలోనే ఉంది. మన కట్టె పొగ మన పొట్టేలుకు ఎలా పడుతుందో పరీక్షించడానికి అంతకన్నా తగిన చోటు లేదు.

పెల్లెట్ మంట శుభ్రంగా మండుతుంది కాబట్టి పొగ పలుచగా ఉంటుంది. కట్టె భట్టీ ఘాటు అలవాటైన నాలుకకు అది చాలకపోవచ్చు. మొదటి గంటన్నర 90, 100 డిగ్రీల దగ్గర ఉంచితే పొగ కొంత పెరుగుతుంది. ఆ తర్వాత ఎంతసేపు పట్టించినా తేడా తక్కువే. మసాలా పల్చగా, ఉప్పు సరిగ్గా ఉంటేనే ఆ పొగ తెలుస్తుంది. దట్టంగా కారం పూస్తే మాంసం ఓవెన్‌లో కాల్చినట్టే ఉంటుంది. ఆరేడు సార్లు వండాక నిప్పు కుండలోని బూడిద తీయకపోతే అంటుకోదు. కొవ్వు పారే పళ్లెం తుడవకపోతే అదే అంటుకుంటుంది.

ఉమ్మడి మిద్దె మీద ఆరు గంటల పొగకు పక్క ఫ్లాటు వాళ్లు ఊరుకోవడం కష్టం. అందువల్ల ఈ యంత్రం కుదిరే చోటు ఇళ్ల కన్నా ముందు నాగోలు, కర్మన్‌ఘాట్ వైపు ఫంక్షన్ హాళ్లకు వంట చేసే కాంట్రాక్టర్ల వంటశాల కావచ్చు. నలభై రాన్‌లు ఒకే తీరుగా దించాల్సినప్పుడు కంట్రోలర్ విలువ తెలుస్తుంది. ఇంధనం మీద ఒత్తిడీ మొదలైంది. కట్టె, బొగ్గు వాడే బేకరీలు, తిండి దుకాణాలు ఆరు నెలల్లో శుభ్రమైన ఇంధనానికి మారాలని 2025 జనవరిలో బొంబాయి హైకోర్టు ఆదేశించింది. అలాంటి ఆదేశం హైదరాబాద్‌కూ వస్తే గ్యాస్ తందూరు, కరెంటు తందూరులతో పాటు గుళికల భట్టీ కూడా హోటళ్ల వాళ్ల లెక్కలోకి రావాల్సి ఉంటుంది.